రాజముద్ర ఖరీదు

తూర్పు సముద్రం ఒడ్డున ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని జయకర్ణుడనే రాజు ఏలేవాడు. ఆయన తండ్రి రేవు కట్టించడానికి ప్రజల దగ్గర అప్పు తీసుకుని, రాజముద్ర వేసిన రుణపత్రాలు ఇచ్చాడు. గడువు తీరాక ఖజానా వడ్డీతో సహా చెల్లించేది. ఈలోగా డబ్బు అవసరమైనవాళ్లు ఆ పత్రాన్ని అంగట్లో అమ్ముకునేవారు. నూరు వరహాల పత్రం నూరుకే పోయేది.

జయకర్ణుడికి కోపం ఎక్కువ, గొప్పలు ఇంకా ఎక్కువ. పొరుగు ద్వీపపు రాజు పంపిన కానుకలు తన అంతస్తుకు తగవంటూ, అవి తెచ్చిన రాయబారిని నిండుసభలో అవమానించి పంపేశాడు. సంధి చెడింది. ద్వీపపు ఓడలు రేవుకు రావడం మానేశాయి. యుద్ధం తప్పదని ఊరంతా గుసగుసలు. నూరు వరహాల పత్రం ఎనభైకి, ఆపైన అరవైకి దిగిపోయింది. నూలు కొనడానికి చేతిలో కాసు లేని సాలెవాళ్లు కళ్లొత్తుకుంటూ ఆ ధరకే అమ్ముకున్నారు.

అంగట్లో రోజూ ధర చాటేవాడు అక్కన సెట్టి. రాజు అతణ్ణి సంకెళ్లతో సభకు రప్పించాడు.

“నా ముద్రకు అరవై వరహాలా! ఆ మాట అన్న నాలుక కోయించండి!”

సభ బిగుసుకుపోయింది. అప్పుడు ఆస్థానంలో మాటకారిగా పేరున్న పేరిభట్టు లేచి నిలబడ్డాడు.

“ప్రభూ, సెట్టి ధర దించలేదు. దిగిన ధర చెప్పాడంతే. ఓడ రాకపోతే సుంకం రాదు. యుద్ధమే వస్తే ఉన్న సొమ్ము సైన్యానికే చాలదు. ఇక మా అప్పు తీర్చేదెవరని జనానికి భయం. తగ్గిన నలభై వరహాలూ ఆ భయం ఖరీదే.”

“నాకే నీతులు చెబుతావా? నీకు నూరు వరహాలు జరిమానా! ఇప్పుడే, ఇక్కడే కట్టు!”

“చిత్తం” అంటూ పేరిభట్టు రొంటిన ఉన్న సంచి విప్పి, ఒక పత్రం తీసి ఖజానా అధికారి మల్లపరాజు చేతిలో పెట్టాడు.

మల్లపరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది రుణపత్రం కదయ్యా. బంగారం తీయి.”

“నూరు వరహాల పత్రమే. రాజముద్ర కూడా ఉంది.”

“ఉంటే? సైనికులకు జీతాలు దీంతో ఇమ్మంటావా?”

“పోనీ, ఎంతకు జమ కట్టుకుంటారు?”

మల్లపరాజు లెక్కల మనిషి. లెక్కలో పడి రాజు ఎదుట ఉన్నానన్న సంగతే మరిచాడు. “ఈ పరిస్థితిలోనా... యాభైకైతే చూస్తాను.”

పేరిభట్టు సింహాసనం వైపు తిరిగి చేతులు జోడించాడు.

“మహాప్రభూ, అరవై అన్నవాడికి నాలుక కోయిస్తున్నారు. యాభై అన్నవారికి ఏం కోయించాలో సెలవివ్వండి.”

మల్లపరాజు మొహం పాలిపోయింది. సభలో ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. రాజు ఆ పత్రం తెప్పించుకుని, దానిమీద ఉన్న తండ్రి ముద్రను వేలితో తడిమి చూశాడు. చివరికి ఆయనే నవ్వాడు. ఆ నవ్వులో సగం సిగ్గు.

“నా ఖజానాకే నా మాట మీద నమ్మకం లేకపోయె! ఇంక అంగడిని అని ఏం లాభం?”

సెట్టి సంకెళ్లు విప్పించాడు. ద్వీపపు రాజుకు క్షమాపణతో రాయబారిని పంపమని మంత్రితో చెప్పాడు. పేరిభట్టుకు జరిమానా రద్దు చేసి, “ఐదు వందల వరహాలు బహుమానం. బంగారమే ఇస్తాను, పట్టుకెళ్లు” అన్నాడు.

“వద్దు ప్రభూ, పత్రమే రాయించి ఇప్పించండి. నేను బంగారం మోసుకుపోవడం జనం చూశారంటే, రేపు ఇంకో పది వరహాలు దిగుతుంది.”

సభ ముగిశాక, కోట మెట్ల మీద అక్కన సెట్టి ఎదురొచ్చి పేరిభట్టు కాళ్లకు దండం పెట్టాడు. లేచి, కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“భట్టుగారూ, ఆ ఐదు వందల పత్రం నూటికి డెబ్బై చొప్పున నాకిస్తారా?”

“ఇవ్వను సెట్టీ” అన్నాడు పేరిభట్టు. “ముందు రాయబారిని ఓడ ఎక్కనీ.”