ఆనపకాయకు బుర్ర నేర్పిన తాటిచెట్టు

ఒకప్పుడు ఆనపకాయకు బుర్ర ఉండేది కాదు. ఇప్పుడైతే పాదు మీద వదిలేస్తే ఎండి, గట్టిపడి, ఊపితే గలగలమంటుందే, ఆ బుర్ర! అప్పట్లో కాయ ముదిరిందంటే చాలు, మెత్తబడి, కుళ్లి, నేల మీద పడిపోయేది. పడిన చోటే వానకు మొలకలు లేచేవి. అందుకే విత్తనం దాచుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆ రోజుల్లో సముద్రం దగ్గర ఇసకపల్లె ఒకటి ఉండేది. అందులో గవరమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడ గుడిసె పక్కన ఒక ఆనపపాదు. పాదు పందిరిని ఆనుకుని ఒక తాటిచెట్టు.

గవరమ్మకు ఆ పాదంటే ప్రాణం. పొద్దున్నే నూతి నుంచి కడవతో నీళ్లు తెచ్చి దాని మొదట్లో పోసేది. బియ్యం కడిగిన నీళ్లూ దానికే. పురుగు పట్టకుండా ఆకుల మీద పొయ్యిలో బూడిద చల్లేది. తీగ పక్కకు జారితే, కూతురి జడ సర్దినట్టు సర్ది మళ్లీ పందిరెక్కించేది.

పాదు కూడా ఏం తక్కువ తినలేదు. కాసిందంటే పందిరి వంగిపోయేలా కాసేది. లేత కాయ కోసి పాలు పోసి వండితే, ఆ వాసనకు వీధిలో వెళ్లేవాళ్లు ఆగి, "ఏం కూరమ్మా?" అని అడగాల్సిందే. జ్వరం నుంచి లేచినవాళ్లకు గవరమ్మ ఇంటి ఆనపకాయ కూరే మొదటి ముద్ద.

ఇదంతా చూసి ఆవిడ మరిది ఎర్రయ్య నవ్వేవాడు. ఎర్రయ్య తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుముకు మోకు, నోటినిండా తాటిచెట్టు గొప్పలు!

"ఎందుకొదినా, ఆ తీగకి ఇంత ఊడిగం?" అన్నాడు ఒకసారి. "నా తాటిసెట్టును సూడు. ఎవులైనా దానికి ముంతెడు నీల్లు పోసినారేటి? పందిరేసినారేటి? దాని బతుకు అదే బతుకుతాది."

"ఆఁ, బతుకుతాది. కాపుకొచ్చేసరికి పాతినోడి మీసాలు నెరిసిపోతాయి," అంది గవరమ్మ. "నా పాదు అలాగ్గాదు. మొలక లేసిన వానలు వెల్లకముందే కూరకొస్తాది."

"వొస్తాది, పోతాది. నా సెట్టయితే మన మనవల్ని కూడా సూస్తాది. నీ ఇంటి కప్పు ఏటి? తాటాకు. ఆ దూలం ఏటి? తాటిమాను. ఎండల్లో ముంజలెవులు తింటన్నారు? సలికాలంలో తేగలెవులు తింటన్నారు?"

తేగలంటే గవరమ్మకు ఎంతిష్టమో వాడికి తెలుసు. నిజానికి ఆ చెట్టు కేసి తలెత్తి చూసినప్పుడల్లా ఆవిడకు ఒళ్లు పులకరించేది. ఒట్టి ఇసకలో, ఒక్కతే, తుఫాను గాలులన్నీ తిని నిటారుగా నిలబడింది. "నీదెంత గుండె తల్లీ!" అనుకునేది. పైకి మాత్రం అనేది కాదు. అంటే మరిది ఇక ఊరుకుంటాడా?

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊరూరా ఆనపపాదులన్నీ మాడిపోయాయి. రాలిన కాయల్లో గింజలు వేడి ఇసకలో పేలాల్లా వేగిపోయాయి. బతికి ఉన్నది గవరమ్మ పాదు ఒక్కటే. దానికి ఉన్నది ఒక్కటే కాయ. ఆ పాదు పోతే లోకంలో ఆనపకాయ అన్నదే ఉండదు. గవరమ్మ కాయను కోయలేదు. వానలొచ్చేదాకా పాదును ఎలాగైనా నిలబెట్టాలని, అడుగంటిన నూతిలో చేదవేసి తోడింది.

అంతలో కూతురికి నొప్పులొస్తున్నాయని కబురు వచ్చింది. వెళ్లక తప్పదు. గవరమ్మ మరిదిని పిలిచింది.

"ఎర్రయ్యా, పొద్దున కడవెడు, సందేల కడవెడు నీల్లు పొయ్యి నాయనా. ఇంకేటీ సెయ్యొద్దు. దీని ఊపిరి నీ సేతిలో పెడతన్నాను."

"నువ్వెల్లు వదినా, నాను సూసుకుంటాను," అన్నాడు ఎర్రయ్య.

మొదటి రోజు పోశాడు. ఆ తర్వాత కూర్చుని ఆలోచించాడు. ఆలోచిస్తేనే వచ్చింది తంటా! "వదిన దీన్ని గారాబం చేసి పాడు చేసింది. నా చెట్టుకు ఎవరూ నీళ్లు పోయలేదు కాబట్టే గట్టిపడింది. దీన్ని కూడా నాలుగు రోజులు ఎండబెడితే తాటిచెట్టులా తయారవుతుంది. వదిన వచ్చి చూసి ముక్కున వేలేసుకుంటుంది!" అనుకున్నాడు. కడవ బోర్లించి తన పనికి వెళ్లిపోయాడు. పాపం, మంచికే అనుకున్నాడు.

తాటివేరు పాతాళం దాకా పోతుంది. ఆనపవేరు పెరట్లోనే తిరుగుతుంది. అది ఎర్రయ్యకు తట్టలేదు.

ఆకులు వడిలాయి, ముడుచుకున్నాయి. తీగ కొన ఒక్కటి పాకి పాకి తాటిచెట్టు మానును పట్టుకుంది. ఆ కొనకే కాయ వేలాడుతోంది.

"అవ్వా, నీళ్లున్నాయా?" అంది పాదు.

"ఉన్నాయమ్మా," అంది తాటిచెట్టు. "ఎక్కడో నా వేళ్ల లోతుల్లో ఉన్నాయి. తీసి నీకు పోద్దామంటే నాకు చేతులేవీ?"

"నేను పోతే పోయాను. ఏటా పోయేదాన్నే. కానీ కాయలో గింజలు కూడా పోతే గవరమ్మ పొద్దున్నే లేచి ఎవరికి నీళ్లు పోస్తుంది?"

తాటిచెట్టు మాటకారి కాదు. చాలాసేపు గాలికి ఆకులాడించి, అప్పుడు చెప్పింది.

"నా టెంకను చూశావుగా. ఎంత ఎండలో పడున్నా లోపలి మొలకకు సెగ తగలదు. ఆ విద్య నీకు నేర్పుతాను. తోలును చెక్కలా బిగించుకోవాలి. అది ఊరికే రాదు పిల్లా. నీ మెత్తని కండంతా వదులుకోవాలి. ఇక నువ్వు పులుసుకు పనికిరావు, కూరకు పనికిరావు. లేతగా ఉన్నావని ఎవరూ మెచ్చుకోరు."

పాదుకు దుఃఖం ముంచుకొచ్చింది. పుట్టినప్పటి నుంచి అందరూ మెచ్చుకున్నది ఆ లేతదనాన్నే కదా.

"గింజలు బతుకుతాయా?" అని అడిగింది.

"బతుకుతాయి."

"అయితే నేర్పు అవ్వా."

కూతురికి పురుడు వెళ్లాక గవరమ్మ మనవరాలిని ఎత్తుకుని ముద్దాడి, సంబరంగా తిరిగి వచ్చింది. వీధి మలుపులోనే ఆవిడ కాళ్లు ఆగిపోయాయి. పందిరి మీద పచ్చనిది ఒక్క ఆకు లేదు.

"నీల్లు పొయ్యలేదేటి, ఎర్రయ్యా?"

ఎర్రయ్య తల వంచుకున్నాడు. "నా సెట్టులాగ గట్టిపడతాదనుకున్నానొదినా."

"సంటిపిల్లకి పాలివ్వకపోతే గట్టిపడతాదేటిరా!" అంటూ గవరమ్మ పందిరి కింద కూలబడి ఏడ్చింది. ఎర్రయ్య కూడా ఏడ్చాడు.

అప్పుడు సముద్రం మీంచి గాలి వీచింది. పైన ఏదో గలగలమంది. తలెత్తి చూస్తే, తాటిచెట్టును పట్టుకున్న ఎండుతీగకు గోధుమరంగు కాయ ఒకటి ఊగుతోంది. ఎర్రయ్య గబగబా ఎక్కి తెచ్చి వదిన చేతిలో పెట్టాడు. కాయ దూదిలా తేలిగ్గా ఉంది. వేలితో కొడితే తలుపు తట్టినట్టు టకటకమంది.

గవరమ్మ కత్తితో దాని మెడ కోసి, ఒళ్లో వంపింది. జలజలా గింజలు! ఒక్కటీ మాడలేదు, ఒక్కటీ కుళ్లలేదు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. లేచి వెళ్లి తాటిచెట్టు మానుకు చెంప ఆనించి, "నీదెంత గుండె తల్లీ!" అని ఎర్రయ్య ముందే, పైకే అనేసింది.

వానలొచ్చాయి. గవరమ్మ ఇంటింటికీ గింజలు పంచింది. పెరట్లో మొలకలు లేచాయి. ఎర్రయ్య ఖాళీ బుర్రను శుభ్రంగా కడిగి నూతికి బయలుదేరాడు.

"నువ్వు కూకో వదినా. ఈటికి రోజూ నీల్లు నానే పోస్తాను."

చల్లని నీళ్లు నిండుతుంటే బుర్ర గుడగుడమని నవ్వింది. మొలకల మొదట్లో వంపిన తర్వాత ఎర్రయ్య మళ్లీ దాన్ని నింపి, దాహానికని నడుముకు కట్టుకుని తాటిచెట్టెక్కాడు.

"ఏమ్మా, బరువుగా ఉందా?" అని అడిగింది తాటిచెట్టు.

"నీళ్లు బరువా అవ్వా!" అంది బుర్ర.

అప్పటినుంచే ఆనపకాయను కోయకుండా వదిలేస్తే కండంతా పోగొట్టుకుని బుర్రగా మారుతుంది. అప్పటినుంచే పందిరి మీద అన్నిటికన్నా మంచి కాయను విత్తనానికని కోయకుండా ఉంచుతారు. బతికినంతకాలం నీళ్లు, నీళ్లు అని అడిగిన కాయ, ఎండిన తర్వాత దాహమన్న వాళ్లకు నీళ్లు మోసేదీ అప్పటినుంచే.