నూకాలు దులిపిన గడ్డి

కొండ మీదికి ఇంకా బండిబాట పడని రోజుల మాట ఇది. అప్పట్లో ఉప్పు గుర్రాల మీదే కొండెక్కేది, పసుపు గుర్రాల మీదే కొండ దిగేది. ఆ బాట మొదట్లో ఒక పాక, పాక పక్కన ఒక గడ్డివామి ఉండేవి. పాక నూకాలుది. మొగుడు లేడు, పిల్లలు లేరు. గుర్రాలవాళ్ళకి ఎండుగడ్డి కట్టలు అమ్ముకుని బతికేది.

ఒక ఏడు ముసురు పట్టి వదల్లేదు. వామి అడుగు నానిపోయింది. వాన వెలిశాక, ఉంచితే పాడైపోతుందని, నూకాలు ఆ నానిన వైపు గడ్డే ముందు లాగి అమ్మసాగింది.

మొదట ఉప్పు మోసే గుర్రం ఒకటి పడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నాలుక వేలాడుతోంది, నోట్లో పోసిన నీళ్ళు పోసినట్టే కారిపోయాయి. చచ్చిపోయింది. తర్వాత పసుపు మోసే గుర్రం పడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నాలుక వేలాడుతోంది, నీళ్ళు పోసినట్టే కారిపోయాయి. అదీ చచ్చిపోయింది. మూడోది గుర్రాలవాళ్ళ పెద్ద కూర్మినాయుడి ఎర్రగుర్రం. దానికీ అంతే. నూకాలు దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పోయేదాకా అది ఆమె మొహమే చూసింది.

దెబ్బ లేదు, జ్వరం లేదు. ఎవరో చేతబడి చేశారన్నారు. ఆ బాటలో తేనె అమ్ముకునే బుద్రు అనే ముసలాడు, గుర్రాలు పడ్డప్పుడల్లా అక్కడే ఉన్నాడు. ఆపాటి సాక్ష్యం చాలింది. అతన్ని చెట్టుకి కట్టేశారు. ఇంక మంత్రం పలక్కుండా పళ్ళు రాలగొట్టి తరిమేద్దామనుకున్నారు.

మిగిలిన గుర్రాలకి గడ్డి కావాలని నూకాలు వామిలో చెయ్యి పెట్టింది. చేతికి జిగటగా తగిలింది. లాగి చూస్తే చచ్చిన ముంగిస. కుళ్ళి, గడ్డికి అంటుకుపోయి ఉంది. చుట్టూ గడ్డి నల్లబడింది. మూడు గుర్రాలూ తిన్నది అటువైపు గడ్డే. కొండవాలున మేసిన గుర్రాలు బాగానే ఉన్నాయి.

చెబితే తన దగ్గర ఇంకెవరూ కొనరు. తన పళ్ళే రాలగొట్టినా అడిగేవాళ్ళు లేరు. ఆమె పైన గడ్డి కప్పేసింది. అంతలో, ఎవర్నో నీళ్ళడుగుతున్న బుద్రు గొంతు వినబడింది. కప్పిన గడ్డి మళ్ళీ తీసింది. నల్లబడిన గడ్డి ఒక చేరెడు పట్టుకుని చెట్టు దగ్గరికి నడిచింది.

“నా గడ్డే సంపింది బాబూ” అంది కూర్మినాయుడితో. ముంగిస సంగతి చెప్పింది.

అతను నమ్మలేదు. చచ్చిన ముంగిస గుర్రాన్ని ఎలా చంపుతుందని అడిగాడు. అది తనకీ తెలీదంది. ముసలాడి మీద జాలితో అబద్ధమాడుతున్నావన్నాడు.

“అయితే ఇది నీ తెల్లగుర్రానికి పెట్టు బాబూ. తప్పు ఆ తాతదే అయితే, దీనికేటీ అవదు గదా.”

గడ్డి తీసుకెళ్ళి గుర్రం ముందు పెట్టింది. ఆకలి మీదున్న గుర్రం మెడ చాచింది. మూతి గడ్డికి తగలబోతుండగా కూర్మినాయుడు కళ్ళెం పట్టి వెనక్కి లాగేశాడు.

ఇంక అడగడానికేమీ మిగల్లేదు. బుద్రు కట్లు విప్పారు. వామికి నూకాలు తనే నిప్పు పెట్టింది.

ఆ ఏడంతా ఆమె దుంపలు తవ్వుకుని తింది. బుద్రు కొండ దిగినప్పుడల్లా ఇంత తేనె ఇచ్చి వెళ్ళేవాడు. మరుసటేడు రాళ్ళు పేర్చి అరుగు కట్టి, దాని మీద కొత్త వామి వేసింది. ప్రతి కట్టా కొన్నవాడి ఎదురుగా విప్పి, మూడుసార్లు దులిపి, “సూసేను, పెట్టుకో” అనేది. మొదట్లో ఎవరూ రాలేదు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అలా దులుపుతూ దులుపుతూనే ముసలిదైపోయింది.

ఇప్పటికీ ఆ కొండవైపు గుర్రాలున్నవాళ్ళు కట్ట విప్పి మూడుసార్లు దులుపుతారు. లోపల ఎలకో పామో చచ్చి కనబడితే కట్టంతా అక్కడే కాల్చేస్తారు. ఏమీ లేకపోతే, “నూకాలు సూసింది, తిను” అంటారు. ఆ మాట చెవిన పడేదాకా అక్కడి గుర్రాలు గడ్డికి మూతి చాచవట.