ఒంటరి గడి

సత్యకీర్తికి వచ్చిన చిక్కల్లా తోటి శిష్యులతోనే.

కొండమీది ఆశ్రమంలో గురువు అచ్యుతబోధులు ఒక కంప్యూటరు పెట్టించి, అందులో జ్ఞానపటం మొదలుపెట్టించారు. ఒక్కో మాటకు ఒక్కో గడి. గడికీ గడికీ మధ్య గీత. ఆ రెంటికీ ఏమిటి సంబంధమో గీత మీద రాయాలి. రాయకపోతే గీత నిలవదు, చెరిగిపోతుంది. కొండ కింది నాలుగు ఆశ్రమాల వాళ్లూ ఎక్కడి వాళ్లక్కడే కూర్చుని అదే పటంలో గీయొచ్చు, దిద్దొచ్చు.

ఆ పటం పెరిగిన తీరు చెప్పతరం కాదు. కాగితం మీదికి దించితే కొండంతటికీ దుప్పటి కప్పి, మిగిలిన ముక్కతో పక్క కొండకు తలపాగా చుట్టొచ్చు.

దాన్ని చూసుకునే పని సత్యకీర్తిది. ఎవరికి తోచింది వాళ్లు గీస్తే అది జ్ఞానం ఎలా అవుతుందని అతని బాధ. వరాలమ్మ 'భజన'నీ 'నిద్ర'నీ కలిపి, 'ముంచుకొస్తుంది' అని రాసింది. వకీలు పని మానుకుని వచ్చిన రంగనాయకులు 'ఆకలి' అని కొత్త గడి పెట్టి, దాన్ని 'కోపం'తో కలిపి, 'తెచ్చిపెడుతుంది' అని రాశాడు.

"ఇది ఏ శాస్త్రంలో ఉందండీ?" అన్నాడు సత్యకీర్తి.

"మా ఇంట్లో ఉంది నాయనా. మా ఆవిడ నలభై ఏళ్లు వ్యాఖ్యానం చెప్పింది."

సత్యకీర్తి ఆ గీత చెరిపేశాడు. గడి కూడా తీసేశాడు.

మర్నాడు ఐదు ఆశ్రమాల వాళ్లూ కూడబోతున్నారు. పటం బాధ్యత ఇకమీదట ఎవరిదో గురువుగారు ఆ సభలో చెబుతారు. అది తనకే దక్కాలని సత్యకీర్తి ఆశ. అందుకని తను తప్ప ఇంకెవరూ వేలు పెట్టకుండా పటానికి తాళం వేసి, ఒక్కడే శుభ్రం చేయడానికి కూర్చున్నాడు. పొద్దుటి ఫలహారం గంట కొట్టినా లేవలేదు. "కాస్త గుక్కెడు నీళ్లైనా తాగు బాబూ" అని చెంబుతో వచ్చిన వరాలమ్మను అతను కసిరిన కసురుకు చెట్లమీది పిట్టలు పక్క జిల్లాకు వలసపోయాయి.

మధ్యాహ్నానికి పటం అద్దంలా తయారైంది. సత్యకీర్తి గురువుగారిని పిలుచుకొచ్చాడు. భోజనానికి పోతున్న వాళ్లు కూడా వచ్చి వెనక నిలబడ్డారు.

గురువుగారు చాలాసేపు చూశారు.

"బాగుంది. ఇందులో నువ్వెక్కడున్నావు నాయనా?"

"నేనా? నేను దిద్దినవాణ్ణి కదండీ. నేనెందుకుంటాను?"

"తాళం తియ్యి. నాకో గడి కావాలి."

సత్యకీర్తి తీశాడు. గురువుగారు ఒంటివేలితో టకటకలాడిస్తూ గడిలో అతని పేరు రాశారు. ఆ నాలుగక్షరాలూ పూర్తయ్యేసరికి బయట ఒక ఋతువు మారి ఉంటుంది.

"దీన్ని దేనితోనైనా కలుపు," అన్నారు.

సత్యకీర్తి తన పేరు నుంచి 'సహనం' దాకా గీత లాగాడు. గీత మాట కోసం ఆగింది. 'ఉంది' అని కొట్టాడు. వెనక వరాలమ్మ చిన్నగా దగ్గింది. చెరిపేశాడు.

'వైరాగ్యం' దాకా లాగాడు. రేపటి సభ గుర్తొచ్చింది. అదీ చెరిపేశాడు.

'వినయం' దగ్గర గీత మొదలుపెట్టకుండానే చేయి వెనక్కి తీసుకున్నాడు.

అంత పెద్ద పటంలో ఆ గడి ఒక్కటే ఏ గీతా తగలకుండా మిగిలింది.

సరిగ్గా అప్పుడే అతని కడుపు ఉరిమింది. ఆ ఉరుము విని కొండ కింద రైతులు కళ్లాల మీద పరదాలు కప్పుకున్నారు. గదిలో మాత్రం ఎవరూ నవ్వలేదు.

సత్యకీర్తి కుర్చీలోంచి లేచాడు.

"రంగనాయకులు గారూ, మీరిలా వచ్చి కూర్చోండి. మీ గడి మళ్లీ పెట్టండి."

రంగనాయకులు కూర్చుని 'ఆకలి' గడి పెట్టాడు. దాన్నుంచి 'కోపం'కి పాత గీతే గీసి, పాత మాటే రాశాడు. ఆ తరవాత సత్యకీర్తి పేరు నుంచి 'ఆకలి' దాకా ఒక గీత లాగి ఆగాడు.

"దీని మీద ఏం రాయమంటావు నాయనా?"

సత్యకీర్తి తెర మీది తన పేరుకేసి చూశాడు.

"ఒప్పుకోలేదు, అని రాయండి."

రాశాడు. గీత నిలిచింది. 'కోపం' నుంచి 'దుఃఖం'కి, అక్కణ్ణుంచి పటం నాలుగు మూలలకూ గీతలు ముందే ఉన్నాయి.

"గురువుగారూ, రేపు సభలో..." అన్నాడు సత్యకీర్తి.

"రేపటి మాట రేపు. పద, చారు చల్లారిపోతోంది."

సత్యకీర్తి గడప దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. పటం తెరిచే ఉంది. వరాలమ్మ కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, అతని పేరు నుంచి ఎటో ఒక గీత లాగుతోంది.

ఆమె ఏం రాస్తుందో చూడకుండా అతను వెళ్లి పంక్తిలో కూర్చుని, విస్తరి మీద నీళ్లు చిలకరించుకున్నాడు.