మాచన వడియాల పుస్తకం

అనగా అనగా, తాటాకుల మీద గంటంతో రాసుకునే రోజుల్లో, రత్నకూటం అనే పట్నంలో మాచన అని ఒక లేఖకుడు ఉండేవాడు. కోటలో రాతపని చేసేవాడు. జీతంగా వచ్చే ధాన్యం ఇంటిల్లిపాది తిండికి సరిపోయేది కానీ, గేదె మేతకు ఏమీ మిగిలేది కాదు.

"తిరునాళ్ళలో నాలుగు డబ్బులు రాకపోతే గేదెను అమ్మెయ్యాల్సిందే," అన్నాడు మాచన. పిల్లలిద్దరూ గేదె మెడ పట్టుకుని ఏడ్చారు. ఏడవరూ మరి!

మాచన భార్య నాగసాని పెట్టే గుమ్మడి వడియాలంటే వీధంతా చెవి కోసుకునేది. "ఎలా పెట్టాలో నువ్వు చెప్పు, నేను రాస్తాను. తిరునాళ్ళలో పుస్తకం అమ్ముదాం," అన్నాడు మాచన.

పక్కింటి లేఖకుడు సోమన్న ఇది విని పకపకా నవ్వాడు. "వడియాల మీద పుస్తకమా!" అంటూ తాను 'ఏనుగును మచ్చిక చేసుకునే విధానం' రాసి, ఏకంగా వంద ప్రతులు తయారుచేశాడు.

మాచన ఒక్కటే ప్రతి రాశాడు. దాన్ని కొత్తగా కాపురానికొచ్చిన ఎదురింటి మల్లమ్మ చేతిలో పెట్టాడు. "ఇది చదివి చేసి చూడమ్మా. మమ్మల్ని మాత్రం ఏమీ అడగొద్దు."

వారం తిరక్కుండా మల్లమ్మ ఊడిపడింది. "బాబాయిగారూ, ఉప్పు తగినంత అని రాశారు. ఎంతైతే తగినంత? నా వడియాలు ఒట్టి ఉప్పుకషాయం!"

"నేనెప్పుడు కొలిచాను గనక? చేతికొచ్చినంత వేస్తాను," అంది నాగసాని. మాచన ఆమె చేత పిడికిలితో ఉప్పు తీయించి కొలిచాడు. పాత ఆకు తీసేసి కొత్త ఆకు గుచ్చాడు.

రెండోసారి ఆ పుస్తకాన్ని కామిశెట్టి అనే వర్తకుడికి ఇచ్చాడు. అతను మండిపడుతూ వచ్చాడు. "గుమ్మడి ముక్కల్లో నీళ్ళు పిండమని ఎక్కడ రాశావయ్యా? అంతా పులిసి కంపు కొట్టింది. మా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వడం లేదు!"

నాగసాని బుగ్గలు నొక్కుకుంది. "అదీ రాయాలా? పిండకుండా ఎవరు పెడతారు?"

"తెలియనివాళ్ళు పెడతారు. పుస్తకం కొనేది వాళ్ళేగా," అని మాచన మరో ఆకు మార్చాడు.

మూడోసారి కాటయ్యకు ఇచ్చాడు. కాటయ్య పొయ్యి మొహమెరుగని ముసలి సైనికుడు. కొన్నాళ్ళకు వేయించిన వడియాలు పట్టుకొచ్చాడు. మాచన ఒకటి నోట్లో వేసుకున్నాడు. కరకరలాడింది!

"ఇంకో ప్రతి ఉందా? మా చెల్లెలికి కావాలి," అన్నాడు కాటయ్య. అప్పుడు గానీ మాచన మిగతా ప్రతులు రాయడానికి కూర్చోలేదు.

తిరునాళ్ళలో కాటయ్య తనే మూకుడు పెట్టి కూర్చున్నాడు. "కత్తి తప్ప గరిటె పట్టని చేతులివి! నేను పెట్టిన వడియం తిని చూడండి!" అని కేకలేశాడు. మధ్యాహ్నానికల్లా మాచన పుస్తకాలు పరిచిన చాప ఖాళీ అయింది.

సోమన్న దగ్గరికి ఒకే ఒక ముసలమ్మ వచ్చింది. "నాయనా, ఏనుగును కూడా నువ్వే ఇస్తావా?" అని అడిగి వెళ్ళిపోయింది. పాపం, వంద ప్రతులూ అలాగే ఉన్నాయి.

సోమన్న మాచన దగ్గరికొచ్చి కూలబడ్డాడు. "వడియాల పుస్తకం అమ్ముడుపోతుందని నీకెలా తెలుసు?"

"తెలీదు సోమన్నా. తెలీదు కాబట్టే ముందు ఒక్కటి రాశాను."

గేదె ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లలు దానికి కడుపునిండా మేత వేశారు.

నీతి: పదిమందికి అమ్మబోయేది ముందు ఒకరి చేతిలో పెట్టి చూడాలి, వాళ్ళు చెప్పిన లోపాన్ని ఓపిగ్గా దిద్దుకున్నవాడే నెగ్గుతాడు.