సూక్ష్మాలపాడు పష్తో బడి

సూక్ష్మాలపాడు వాళ్ళకి తెలివి ఎక్కువ. ఎవరు చెప్పారంటే, వాళ్ళే చెప్పారు. అంత తెలివైనవాళ్ళు చెప్పిన మాట తప్పెలా అవుతుంది మరి!

అందరిలోకీ పెద్ద తెలివి ఆ ఊరి బడిపంతులు గవరయ్యది. పొద్దున్న పదింటికి గంట కొట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో గడియారం లేదు. ఇంకో ఊరి పంతులైతే గడియారం కావాలని అర్జీలు రాసుకుంటూ కూర్చునేవాడు. గవరయ్య అలాంటివాడు కాదు. తనకి ఎప్పుడు మెలకువ వస్తే అప్పుడు వెళ్ళి గంట కొట్టేవాడు. గంట మోగింది కాబట్టి అప్పుడు పది. ఒక్కోరోజు సూర్యుడు రాకముందే సూక్ష్మాలపాడులో పదయ్యేది. అది చూసి ఊరంతా మురిసిపోయేది.

అలాంటి ఊరికి ఓ రోజు తాలూకా కచేరీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ఊళ్ళో ఎవరికీ ఇంగ్లీషు రాదు. మునసబు బంగారినాయుడు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చావిట్లో గోడకి తగిలించాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దణ్ణం పెట్టుకునేవారు. నెల తిరిగాక పక్కూరి స్టేషన్ మాస్టరు గుమ్మడికాయ కోసం ఊళ్ళోకి వచ్చి, దణ్ణం పెట్టడం మాని దాన్ని చదివేశాడు.

"పంతులుగారూ, ఇవాళ్టికి సరిగ్గా పది రోజుల్లో ఇన్‌స్పెక్టరు వస్తున్నారు. మీ బళ్ళో చదువు ఏ భాషలో చెప్పాలో ఊరే తేల్చుకోవాలట. కచేరీ ఉత్తరాలు కూడా ఇకమీదట ఆ భాషలోనే రాస్తారట. పిల్లలు ఆ భాషలో నాలుగు మాటలు చెప్పలేకపోతే బడి మూసేస్తారట."

 ఇరవై రెండేళ్ళుగా ఆ బడే గవరయ్య లోకం. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. బడి మూసేస్తే పొద్దున్నే లేచి వెళ్ళడానికి అతనికి చోటే లేదు. గంట కొట్టేవాడు లేకపోతే ఊళ్ళో పది కూడా అవదు.

ఇంకేముంది, చావిట్లో సభ పెట్టారు.

"తెలుగు పెట్టండి బావూ" అంది కూరగాయలమ్మే అచ్చియ్యమ్మ.

బంగారినాయుడు జాలిగా చూశాడు. "తెలుగు మనకొచ్చు గదేటే? వచ్చిందాన్ని మళ్ళీ బళ్ళో నేర్పడవేటి? తిన్నోడికి మళ్ళీ ఇస్తరేస్తావేటి?"

ఆ మాటకి తిరుగు లేదు. తెలుగు కొట్టుకుపోయింది.

"అయితే మేకల భాష పెట్టండి" అన్నాడు మేకల సింహాద్రి. "ఊళ్ళో మనుషులం తొంబై మందిమి. నా మేకలే నూటనలబై. ఎక్కువమంది మాటే గదా సెల్లాల?"

సభ చాలాసేపు ఆలోచించింది. లెక్క సరిగ్గానే ఉంది. కానీ బడికొచ్చిన ఒకే ఒక్క మేక పాఠం వినకుండా పుస్తకం తినిపోయిందని గవరయ్య గుర్తుచేశాడు. మేకల భాషా పోయింది.

"మరి ఇంగ్లీషు?"

"దాని పరువు పోయిందిరా" అన్నాడు నాయుడు. "నెల్రోజులు ఆ ఉత్తరం ఎంత గొప్పగుండేది! మొన్న మాస్టరు సదివీసీసరికి గుమ్మడికాయంత సులువైపోయింది. ఆపీసు మాటంటే ఒక్క ముక్క అర్థం గాకూడదు. అప్పుడే గదా బయం, బక్తీ!"

అర్థం కాని భాష ఎక్కడ దొరుకుతుందా అని అందరూ తల పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే "ఇంగువో... ఇంగువ!" అంటూ ఏడాదికోసారి వచ్చే ఖానుగారు చావిట్లోకి అడుగుపెట్టాడు. పేరు మీర్ జమాన్. ఎక్కడో కొండలవతల దేశం. ఆరడుగుల మనిషి, పెద్ద తలపాగా, భుజాన మూట, నోట్లో వచ్చీరాని తెలుగు. గడప ఎత్తుగా ఉంది. బొటనవేలు ఠపీమని తగిలింది. అంతే! ఒంటికాలి మీద గెంతుతూ తన భాషలో ఒక్క గుక్కలో ఏమేమో అనేశాడు.

సభలో ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరికీ ఒళ్ళు జలదరించింది. అచ్చియ్యమ్మ తెలియకుండానే దణ్ణం పెట్టేసింది.

"ఖానుగారూ, అదేం భాషండీ?" అడిగాడు గవరయ్య.

"అది మా భాష. పష్తో" అన్నాడు ఖాను వేలు నలుపుకుంటూ.

ఇంకేముంది, సూక్ష్మాలపాడు ఆపీసు భాషా పష్తోయే, బడి భాషా పష్తోయే అని తీర్మానం అయిపోయింది. ఖాను మూట లాక్కుని లోపల పెట్టి, నేర్పేదాకా కదలడానికి వీల్లేదన్నారు.

సాయంత్రానికల్లా దండోరా వేయించారు. ఆపీసు మాట ఇకమీదట పష్తోలోనే చెప్పాలి కదా! దండోరా వేసేవాడికి పష్తో రాదు. అందుకని వీధివీధికీ వెళ్ళి డప్పు కొట్టి, నోరు మూసుకుని కాసేపు నిలబడి వచ్చేశాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "ఇప్పుడొచ్చింది ఆపీసు మాటకి అందం!" అని జనం మెచ్చుకున్నారు.

మర్నాడు బళ్ళో పాఠం మొదలైంది. పష్తో రావాలంటే ముందు గడప తన్నాలని గవరయ్యకి బాగా తెలుసు. కళ్ళారా చూశాడు. అందుకని పిల్లలందరితో వరసగా గడప తన్నించాడు. తనూ తన్నాడు. కుంటుకుంటూ వచ్చి అందరూ కూర్చున్నారు.

ఖాను గడ్డం సవరించుకున్నాడు. "నేను ఏం అంటే మీరు అది అనాలి. సరేనా?"

"నేను ఏం అంటే మీరు అది అనాలి. సరేనా?" అన్నారు పిల్లలూ పంతులూ ఒకే గొంతుతో.

"అరె, ఇది కాదు!"

"అరె, ఇది కాదు!"

"ఆగండి, ఆగండి! ఇంకా మొదలు కాలేదు!"

"ఆగండి, ఆగండి! ఇంకా మొదలు కాలేదు!"

గవరయ్య ఒక్క మాట కూడా పోనివ్వకుండా నల్లబల్ల మీద రాసుకున్నాడు. ఖాను ఏ మాట మొదలుపెట్టబోయినా, దానికి ముందు "వినండి" అనేవాడు. వాళ్ళూ "వినండి" అనేవారు. అతను "నేను కాదు, మీరు వినండి" అనేవాడు. వాళ్ళూ అదే అనేవారు. అతను తల కొట్టుకుంటే వాళ్ళూ కొట్టుకునేవారు. ఇలా ఆరు రోజులు గడిచాయి. అసలు పష్తో మాట ఒక్కటీ బయటికి రాలేదు.

మూడో రోజునే ఒక పిల్ల లేచి అంది. "పంతులుగారండీ, ఈ పష్తో నాకు అర్థమైపోతందండీ!"

"చూశావా మరి!" అన్నాడు గవరయ్య పొంగిపోతూ. "వేరే ఊరి పిల్లలకైతే ఏడాది పట్టేది. మన బుర్రలే వేరు!"

ఏడో రోజు మధ్యాహ్నం సింహాద్రి గడ్డివామి అంటుకుంది. పరుగెత్తుకుంటూ మునసబు దగ్గరికి వచ్చాడు. కానీ తెలుగులో చెప్పకూడదు. పష్తోలో చెప్పడం రాదు. నోరు మూసుకుని, చేతులతో ఆకాశంలోకి మంటలు చూపించాడు.

"ఏదో అర్జీ ఉన్నట్టుంది" అన్నాడు నాయుడు. "నోటితో సెప్పాలి. పష్తోలో సెప్పాలి. బళ్ళోకెల్లి నేర్సుకురా."

సింహాద్రి బళ్ళోకి పరుగెత్తి, మరిచిపోకుండా గడప తన్ని, కుంటుతూ ఖాను ముందు నిలబడి మళ్ళీ చేతులు ఊపాడు. ఖాను కిటికీలోంచి చూశాడు. ఆకాశం నిండా పొగ.

"నిప్పు! నిప్పు! నీళ్ళు తెండి!" అని అరుస్తూ బయటికి ఉరికాడు.

ఊరంతా అతని వెనకాల పరుగెత్తింది. గడ్డివామి చుట్టూ వరసగా నిలబడింది. "నిప్పు! నిప్పు! నీళ్ళు తెండి!" అని గొంతు చించుకుని, తప్పు లేకుండా పలికింది. ఒక్కరు కదిలితే ఒట్టు! ఖాను బిందె పట్టుకుని నూతికీ వామికీ మధ్య ఒక్కడే తిరిగాడు. "అరె, బిందె పట్టండి!" అన్నాడు. "అరె, బిందె పట్టండి!" అన్నారు. వామి బూడిదైపోయింది. ఖాను మీసం కూడా ఓ వైపు కాలిపోయింది. సింహాద్రి మాత్రం ఊళ్ళోకల్లా మొదటి పష్తో అర్జీ తనదేనని అందరికీ చెప్పుకున్నాడు.

ఖాను నేల మీద కూలబడ్డాడు. మసి పట్టిన మొహం తుడుచుకున్నాడు. ఈసారి అరవలేదు. నెమ్మదిగా అన్నాడు.

"మా ఊళ్ళో నాకు ఒక పిల్ల ఉంది. పేరు జర్మీనా. బడికి పంపాను. బళ్ళో మా భాష లేదు. కచేరీలో మా భాష లేదు. పిల్లకి దాహం వేసింది. ఓబ అడిగింది. ఓబ అంటే నీళ్ళు. మంచి భాషలో అడుగు అని పంతులు కొట్టాడు. పిల్లకి మంచి భాష రాదు. సాయంత్రం దాకా దాహంతో కూర్చుంది. ఇంటికి వచ్చి వాళ్ళ అమ్మని అడిగింది. అమ్మా, మన మాట చెడ్డదా? మా మాట బళ్ళో పెట్టండి అని మేము ఊరూరా అడుగుతున్నాం. మీ మాట మీ నోట్లోనే ఉంది. దాన్ని బయట కూర్చోబెట్టి నా మాట కోసం గడప తంతారా?"

ఊరంతా ఒక్కొక్క మాటే తిరిగి పలికింది. అతను కళ్ళు తుడుచుకుంటే అందరూ తుడుచుకున్నారు. కానీ గవరయ్యకి నిజంగానే ఏడుపొచ్చింది. ఆ పిల్ల దాహం అతని గొంతులో పడ్డట్టయింది. పరాయి భాష ఇంత తొందరగా గుండెకి తగులుతుందని అతను ఎప్పుడూ అనుకోలేదు.

"ఈ పాఠం చాలు" అన్నాడు. "ఇన్‌స్పెక్టరుగారికి ఇదే అప్పజెబుదాం."

ఖాను ఆ మాట వినగానే మూట తీసుకుని ఒకటే పరుగు. పొలిమేర దాటేదాకా వెనక్కి చూడలేదు.

పదో రోజున ఇన్‌స్పెక్టరు వైకుంఠరావు వచ్చాడు. గడప తగిలి ఇంగ్లీషులో ఏదో తిట్టుకున్నాడు. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. "ఈయనకీ వచ్చండీ!" అని గుసగుసలాడారు.

"మీ బడి భాష ఏది?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"పష్తో అండి" అన్నాడు గవరయ్య. 

వైకుంఠరావు కళ్ళజోడు తీసి అతన్ని ఓసారి, బడిని ఓసారి చూశాడు. మూసెయ్యడానికి కాగితం బయటికి తీశాడు. ఇరవై రెండేళ్ళ బడి ఆ కాగితం మీద ఒక్క సంతకానికి ఆగింది. గవరయ్య పిల్లలకి సైగ చేశాడు. పిల్లలు గడప తన్ని వచ్చి, కుంటుతూ వరసగా నిలబడి, ఒకే గొంతుతో మొదలుపెట్టారు.

"మా ఊళ్ళో నాకు ఒక పిల్ల ఉంది. పేరు జర్మీనా..."

ఇన్‌స్పెక్టరు కలం ఆగిపోయింది. "సాయంత్రం దాకా దాహంతో కూర్చుంది" అన్నచోట తల వంచుకున్నాడు. "అమ్మా, మన మాట చెడ్డదా?" అన్నచోట కళ్ళజోడు తుడుచుకున్నాడు. పాఠం అయిపోయింది. 

"పంతులుగారూ, ఇది పష్తోయేనా?"

"అక్షరాలా అండి. ఖానుగారి నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే."

వైకుంఠరావు ఏదో చెప్పబోయి మానేశాడు. మొహం అటు తిప్పుకుని, భుజాలు అదిరిపోయేలా నవ్వుకున్నాడు. "ఈ భాషనే పట్టుకోండి. చచ్చినా వదలకండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

వారానికి కచేరీ నుంచి ఉత్తరం వచ్చింది. "మీ బడి ఉంటుంది. ఇప్పుడు చెబుతున్న భాషలోనే చదువు చెప్పండి. మేమూ అదే భాషలో రాస్తాం" అని ఉంది. గవరయ్య కూడబలుక్కోకుండా చదివేశాడు.

"పష్తో అక్షరాలు అచ్చం మన అక్షరాల్లాగే ఉన్నాయి" అన్నాడు ఆశ్చర్యంగా. "మనల్ని చూసే రాసుకుని ఉంటారు పాపం."

"ఓలమ్మో, ఆపీసు ఉత్తరం నాకూ అర్థమైపోనాది!" అంది అచ్చియ్యమ్మ. ఆ రోజు నుంచి సూక్ష్మాలపాడులో ముసలీముతకా అందరూ ఉత్తరాలు చదవడం నేర్చుకున్నారు. పరాయి భాష అంత సులువుగా వచ్చేస్తుంటే ఎవరు మానుకుంటారు! పిల్లలు పుస్తకాల మీద పుస్తకాలు చదివేశారు. ఏడాది తిరిగేసరికి చుట్టుపక్కల పది ఊళ్ళలో అంత బాగా చదివే బడి ఇంకోటి లేదు.

ఏడాదికి ఖాను మళ్ళీ వచ్చాడు. నిజానికి ఆ ఊరి వైపు రాకూడదనే ఒట్టు పెట్టుకున్నాడు. కానీ వాళ్ళ ఊరి బళ్ళో వాళ్ళ భాష పెట్టారు. జర్మీనా తన చేత్తో నాన్నకి ఉత్తరం రాసింది. ఆ సంతోషం ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయాడు. ఆ పిల్ల పేరు తెలిసిన ఊరు ఈ దేశంలో ఇదొక్కటే మరి. ఎండలో పరుగున వచ్చి, ఉత్తరం పైకెత్తి ఊపుతూ, ఒళ్ళు తెలియని ఆనందంలో తన భాషలోనే గడగడా చెప్పేశాడు. చివర్లో ఆయాసపడుతూ "ఓబ, ఓబ" అన్నాడు.

జనం మొహమొహాలు చూసుకున్నారు. ఓబ ఒక్కటే తెలిసింది. ఒక పిల్ల నీళ్ళు తెచ్చిచ్చింది.

"అయ్యయ్యో" అన్నాడు గవరయ్య. అతని కళ్ళు చెమర్చాయి. "పాపం ఖానుగారు! ఊళ్ళు తిరిగి తిరిగి సొంత భాష మరిచిపోయారు. ఓబ ఒక్కటే గుర్తుంది."

"మనకి నేర్పినోడు. మనం గాపోతే ఎవులు నేర్పుతారు?" అన్నాడు నాయుడు.

అంతే! నలుగురూ ఖానుని రెక్క పట్టుకుని బడికి తీసుకుపోయారు. గుమ్మం ముందు నిలబెట్టారు.

"గడప తన్నండి ఖానుగారూ. అదే వస్తుంది" అన్నాడు గవరయ్య ఎంతో ప్రేమగా.

సింహాద్రి ఖాను కాలు పట్టుకుని తనే తన్నించాడు. ఖాను గెంతుతూ పష్తోలో కేక పెట్టాడు.

"ఊహూ, రాలేదు. ఇంకోసారి."

ఈసారి దెబ్బ గట్టిగా తగిలింది. "అరె, ఏమి పిచ్చి ఇది! నన్ను వదలండి!" అని అరిచాడు ఖాను.

ఊరంతా చప్పట్లు కొట్టింది. "వచ్చేసింది! ఖానుగారికి పష్తో వచ్చేసింది!" అని పిల్లలు ఎగిరి గంతులేశారు. గవరయ్య కళ్ళు తుడుచుకుని, అతని చేతిలో పలకా బలపం పెట్టి, అంత బాగా మాట్లాడాడు కాబట్టి ఒకటో తరగతి అక్కర్లేదని నేరుగా రెండో తరగతిలో కూర్చోబెట్టాడు.