వినడం మీద ఉపన్యాసం

“గవరమ్మా! ముందుకు రావే!” అని కేకేశారు విరూపాక్షశాస్త్రి. విద్యాపీఠంలో మనశ్శాస్త్రం చెప్పే పండితుడాయన.

పండితులు సంతలో కూర్చుని జనం గోడు వినాలని రాజుగారి ఆజ్ఞ. శాస్త్రిగారు పొద్దుటినుంచీ మాట్లాడుతూనే ఉన్నారు, అదీ వినడం ఎలాగన్న దాని మీద!

సాలె గవరమ్మ మొగుణ్ణి లాక్కొచ్చింది. “మాటామాటా వచ్చినప్పట్నుంచీ ఈయన నోరు విప్పట్లేదు బాబయ్యా. ఇవాళా పలక్కపోతే పుట్టింటికి పోతా.”

“మౌనం అయిదు విధాలు...” అందుకున్నారు శాస్త్రిగారు. పాపం, మొగుడు నోరు తెరిచినప్పుడల్లా ఆయన ఇంకో విధం ఎత్తుకున్నారు.

గవరమ్మకి ఒళ్లు మండింది. “చెబితే మాకెక్కదు బాబయ్యా. మౌనమంటే ఎలా ఉంటుందో కాసేపు చేసి చూపించండి. మీవల్ల కాదని సంతంతా అనుకుంటున్నారు.”

“నావల్ల కాదా!” శాస్త్రిగారు పౌరుషంగా మూతి బిగించారు.

వాన వెలిసినట్టయింది. ఎక్కడో గాజులమ్మేవాడి భుజాన మలారం గలగలమనడం కూడా వినిపించింది.

మొగుడు గొంతు సవరించుకున్నాడు. శాస్త్రిగారి పెదాలు కదలబోతే గవరమ్మ వేలు చూపించి ఆపింది.

“వెళ్లకే గవరా. తప్పు నాదే. నువ్వు నవ్వకపోతే నాకు మగ్గం మీద చెయ్యాడట్లేదు.”