అచ్చులో లేని బూరె

సినిమావాళ్ల కాపురాల గురించి వారపత్రికలో ఏది రాస్తే అదే వేదవాక్కని నమ్మే హైమావతి తణుకులో ఒక చిన్న డాబా ఇంట్లో ఉండేది. ఆవిడ భర్త త్రిమూర్తులు పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిచ్చేవాడు. ఊళ్లోవాళ్లందరి పెళ్లిళ్లూ దగ్గరుండి జరిపించేవాడే గాని, సొంత పెళ్లాంతో నాలుగు మాటలు కలిపి మాట్లాడడం అతనికి చేతకాదు.

పెళ్లి వంటలు జరిగిన రోజున త్రిమూర్తులు ఆఖరి బంతిలో వంటవాళ్లతో కలిసి భోజనానికి కూర్చునేవాడు. విస్తట్లో వేసిన పూర్ణంబూరె మాత్రం ముట్టేవాడు కాదు. దాన్ని అరిటాకు ముక్కలో చుట్టి ఇంటికి తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయేవాడు. హైమావతి ఆ బూరె తింటూ 'తళుకుతార' వారపత్రిక చదువుకునేది. బూరె ఎలా వచ్చిందని ఏనాడూ అడగలేదు. ఆవిడ ధ్యాసంతా చదివే దాని మీదే ఉండేది.

ఒక వారం అందులో హీరో దేవర్షి, అతని భార్య ఇందుజల ఇంటర్వ్యూ వచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచి తమ మధ్య ఒక్క మాట పట్టింపు కూడా రాలేదని ఇందుజ చెప్పిందట. రోజూ పొద్దున్నే దేవర్షి స్వయంగా కాఫీ కలిపి తెచ్చి, 'నువ్వు నవ్వితేనే నాకు తెల్లవారుతుంది' అంటాడట. హైమావతి ఆ వాక్యం కంఠతా వచ్చేదాకా చదివింది. తర్వాత భర్తకు వినిపించి, తననెప్పుడైనా అలా అన్నాడా అని నిలదీసింది.

త్రిమూర్తులు కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"నేను లేచేసరికి నువ్వు నిద్రలో ఉంటావు కదా హైమా. నువ్వు నవ్వేదాకా ఆగితే నా సామాను లారీ వెళ్లిపోద్ది" అన్నాడు.

అతను వేళాకోళం చెయ్యలేదు. ఉన్నమాటే చెప్పాడు. హైమావతికి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నుంచి కంచం పెట్టడం, తీయడం తప్ప ఆవిడ నోట మాట లేదు. మంగళవారం నాడు అతను తెలియక వేడి పప్పుచారు గిన్నె తెచ్చి సరిగ్గా పత్రికలోని దేవర్షి ఫొటో మొహం మీద పెట్టాడు. అంతే, అణుచుకున్నదంతా బయటికొచ్చింది. ఇలాంటి మొద్దు మనిషిని కట్టుకుని తన బతుకు బండబారిపోయిందని హైమావతి అనేసింది. త్రిమూర్తులు కలిపిన అన్నం వదిలేసి లేచి, చెయ్యి కడుక్కుని పనికి వెళ్లిపోయాడు. ఆ పూట అతను ఎక్కడా తినలేదు.

ఆ మరుసటి వారమే పత్రికవాళ్లు 'మన ఊరి అన్యోన్య జంట' అనే శీర్షిక మొదలుపెట్టారు. మొగుడితో మాటలు లేని ఇల్లాలే ఆ శీర్షికకు తమ పేర్లు పంపించింది. మనిషి మనసు అంత చిత్రమైనది. కొన్నాళ్లకు ఒక విలేఖరి వచ్చాడు. హైమావతి పట్టుచీర కట్టుకుని, భర్త చేత ఇస్త్రీ చొక్కా వేయించి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎప్పుడైనా పోట్లాడుకున్నారా?" అని విలేఖరి అడిగాడు.

"లేదండి" అంది హైమావతి.

"పప్పుచారు రోజున పోట్లాడుకున్నాం కదా" అన్నాడు త్రిమూర్తులు.

విలేఖరి పగలబడి నవ్వాడు. అది రాయలేదు. భార్య కోసం ఏం చేస్తారని అడిగితే త్రిమూర్తులు తడుముకుని, తడుముకుని, బూరె సంగతి చెప్పాడు. తనకూ బూరెలంటే ఇష్టమేననీ, కానీ ఈవిడకు ఇంకా ఇష్టం కాబట్టి తినబుద్ధి కాదనీ అన్నాడు. విలేఖరి పెదవి విరిచాడు. ఇలాంటివి పాఠకులకు ఆనవండి, నేను చూసుకుంటాను లెండి అని, ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

పత్రిక వచ్చింది. ఇద్దరి ఫొటో కింద పెద్ద అక్షరాలతో ఉంది: ఇరవై ఏళ్లలో ఒక్క మాట పట్టింపు లేదు. త్రిమూర్తులు రోజూ కాఫీ కలిపి తెచ్చి, 'నువ్వు నవ్వితేనే నాకు తెల్లవారుతుంది' అంటాడు.

"ఇది నేనెప్పుడన్నాను?" అని త్రిమూర్తులు అమాయకంగా అడిగాడు.

హైమావతి ఆ వాక్యం మళ్లీ చదివింది. అక్షరం పొల్లుపోకుండా అది దేవర్షి మాటే. కానీ ఈలోగా వీధిలో ఆడవాళ్లు రానే వచ్చారు. నీ అంత అదృష్టవంతురాలు లేదన్నారు. ఆ పొగడ్తలు ఆవిడకు తియ్యగా ఉన్నాయి. కాదనలేదు.

ఆ వచ్చినవాళ్లలో ఎదురింటి ప్రసూన ఒకతె. ఆ పిల్ల కొత్తగా కాపురానికి వచ్చింది. మొగుడు నాగేంద్ర కరెంటు లైన్‌మన్. వానొచ్చినా గాలొచ్చినా స్తంభాలెక్కి, అలిసిపోయి ఇంటికొచ్చి, వేళకు అన్నం లేకపోతే విసుక్కునేవాడు. ఆ పిల్లా తక్కువ తినలేదు, మాటకు మాట అనేది. కొత్త కాపురాల్లో ఇది మామూలే. ప్రసూన పత్రిక అడిగి పట్టుకెళ్లింది.

పది రోజులు తిరక్కుండానే ఒక పొద్దున్న ప్రసూన సంచీ సర్దుకుని గుమ్మం దిగింది. నాగేంద్ర మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఆడవాళ్లు చుట్టూ చేరారు. హైమావతి పరుగున వచ్చి ఏం జరిగిందని అడిగింది.

"మీ ఇంట్లో ఇరవై ఏళ్లలో ఒక్క మాట లేదు, పిన్నిగారూ. మాకు ఆరు నెల్లు కాలేదు, వారానికి నాలుగు తగూలు. మాది నిలబడే కాపురం కాదని మీ గురించి చదివాకే నాకు తెలిసింది. పుట్టింటికి పోతున్నాను. ఇంక రాను" అంది ప్రసూన.

హైమావతి ఇరకాటంలో పడింది. నిజం చెబితే వీధిలో పరువు పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల బస్సెక్కేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆవిడనే చూస్తున్నారు. కాపురం నిలబెట్టుకునే ఉపాయం చెప్పమని ఒకావిడ అడిగింది కూడా. హైమావతి వెళ్లి ప్రసూన చేతిలోని సంచీ పట్టుకుంది.

"మేమూ పోట్లాడుకుంటామమ్మా. మొన్నా మధ్య నేనన్న మాటకి మీ బాబాయిగారు అన్నం వదిలేసి వెళ్లిపోయారు. ఆయన నాకు కాఫీ ఇచ్చిందీ లేదు, ఆ మాట అన్నదీ లేదు."

"మరి పత్రికలో వేశారు కదా?"

"వేశారు. పోట్లాడుకోలేదని చెప్పింది నేనే, కాఫీ మాట మాత్రం వాళ్లే రాసుకున్నారు. అబద్ధమని మీకు చెప్పలేదు. అదీ నా తప్పు."

ప్రసూన ఇంకా సంచీ వదల్లేదు. అయితే దేవర్షి, ఇందుజల మాటేమిటని అడిగింది.

"వాళ్ల ఇంట్లో ఏముందో నాకు తెలీదు, మంచో చెడో. అన్ని కాపురాల గురించి చదివాను, నిజం తెలిసింది మా ఇంటిదొక్కటే. ఆ ఒక్కటీ అబద్ధంగా రాశారు. మిగతావి ఎలా నమ్మమంటావు?" అంది హైమావతి. గొంతు తగ్గించి, "మా ఆయన ఆఖరి బంతిలో తన బూరె తినకుండా నాకు తెస్తారు. అది నిజం. అది వెయ్యలేదు" అంది. ఆ మాట అంటుంటే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లు ఆ బూరెలు తిన్నది తనేనా అనిపించింది.

ప్రసూన మెట్ల వైపు చూసింది. నాగేంద్ర చొక్కా మోచేతి దగ్గర చిరిగి ఉంది. రాత్రి గాలివానలో స్తంభమెక్కినప్పుడు చిరిగినట్టుంది. విసుక్కుంటూ వచ్చాడని చూసిందే గాని, చొక్కా చిరిగిందని అప్పటిదాకా చూడలేదు. సంచీ తీసుకుని లోపలికి వెళ్లి, సూదీ దారం వెతకడం మొదలుపెట్టింది.

ఆ రోజు త్రిమూర్తులు ఎప్పటిలాగే పెళ్లి నుంచి వచ్చి ఆకు పొట్లం గట్టు మీద పెట్టాడు. కాళ్లు కడుక్కుని వచ్చేసరికి హైమావతి బూరెను రెండు ముక్కలు చేసి, ఒకటి అతని చేతిలో పెట్టింది. ఇదేమిటని అతను అడిగాడు. తినమంది. ఇద్దరూ వంటింటి గడప మీద కూర్చుని తిన్నారు.

నీతి: పరుల కాపురం గురించి పత్రికలో వచ్చిందల్లా నమ్మి దానితో మన కాపురాన్ని కొలవకూడదు. అచ్చయిన గొప్పలు చూస్తూ కూర్చుంటే, మన ఇంట్లో ఉన్న ప్రేమే మనకు కనబడకుండా పోతుంది.